మోటారు తిరుగుతోంది, అందుకోవడం లేదు: ఎందుకు? ఎలా?

ప్రశ్న: వేట నిషేధం ముగిసింది. రెండు నెలలు ఒడ్డున ఉన్న ఫైబర్ బోటుకు మళ్లీ ఔట్‌బోర్డ్ మోటారు బిగించాం. సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతోంది, తాడు లాగినా తిరుగుతోంది. కానీ స్టార్టు అవడం లేదు. లోపం ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

జవాబు: మోటారు తిరుగుతోందంటే సగం భయం తీరినట్టే. పిస్టన్ పట్టెయ్యలేదు, స్టార్టర్ పనిచేస్తోంది, గేరు న్యూట్రల్‌లోనే ఉంది. గేరులో ఉంటే చాలా మోటార్లు అసలు తిరగవు. ఇక చూసుకోవాల్సినవి మూడు. సిలిండర్లోకి మండే పెట్రోలు రావాలి, సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పడాలి, పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరిని పిస్టన్ గట్టిగా నొక్కాలి. ఈ మూడింట్లో ఏది తప్పిందో తెలియకుండా తాడు లాగుతూ కూర్చుంటే భుజం నొప్పి మిగులుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. సెల్ఫ్ ఒకసారికి 5 సెకన్లు మించి నొక్కకండి. కాస్త చల్లారనిచ్చి మళ్లీ నొక్కండి.

నడి నీళ్లలో ఆగిపోయినప్పుడైతే పైమూత తియ్యడానికి ముందే లంగరు వెయ్యండి. మీరు ప్లగ్గు విప్పుతూ ఉండగా బోటు ఎటు కొట్టుకుపోతోందో ఎవరూ గమనించరు.

పనిముట్లు తీసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రమాదంలో మోటారు ఆగిపోయేందుకు చేతికి తగిలించుకునే ఎర్ర తాడు ఉంటుంది కదా, దాని క్లిప్పు స్విచ్చులో సరిగా కూర్చుందా? అది ఊడి ఉన్నా చాలా మోటార్లు మామూలుగానే తిరుగుతాయి, స్పార్కు మాత్రం రాదు. తర్వాత ట్యాంకు మూత మీది గాలి మర. అది బిగించి ఉంటే పెట్రోలు బయటికి వెళ్లేకొద్దీ లోపలికి గాలి రాక ట్యాంకు పీల్చుకుపోతుంది, పైపులోని రబ్బరు బల్బు చప్పబడిపోతుంది. ఆ బల్బును బాణం గుర్తు పైకి ఉండేలా నిలబెట్టి నొక్కండి. కొన్ని నొక్కులకే గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. ఎక్కువసార్లు పైపు చివరి కనెక్టర్‌లో రబ్బరు రింగు తెగి ఉంటుంది. గట్టిపడకుండా కార్బొరేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ సూది మూసుకోవడం లేదు.

ఇవన్నీ బాగుంటే ప్లగ్గు విప్పండి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అడుగు ఇదే. దీన్ని వదిలేసి కార్బొరేటర్ విప్పేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. చోక్ వేసి నాలుగైదుసార్లు తిప్పాక ప్లగ్గు తీసి దాని మొనను వెలుతురులో చూడండి. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే పెట్రోలు లోపలి దాకా వచ్చింది, లోపం స్పార్కులో వెతకాలి, లేదా చోక్ ఎక్కువై ఇంజిన్ మునిగిపోయింది. పొడిగా ఉంటే పెట్రోలు అసలు రావడం లేదు. మొన మీద సన్నని నీటి చుక్కలు నిలిచి ఉంటే పెట్రోల్లో నీళ్లు కలిశాయి.

నిషేధం తర్వాత మొరాయించే మోటార్లలో నేను ముందుగా అనుమానించేది పొడి ప్లగ్గునూ నీటి చుక్కల ప్లగ్గునూ. ఎందుకో చెప్తాను. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు. ఏడాదిలో ఎండలు మండిపోయే రోజులవే. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం, బరువైన భాగం రెండూ ఉంటాయి. చల్లని ఇంజిన్ అందుకోవాలంటే ఆ తేలిక భాగమే కావాలి. ఎండలో ఉన్న ట్యాంకులోంచి ముందు ఎగిరిపోయేదీ అదే. ఇక 2 స్ట్రోక్ మోటారు కార్బొరేటర్ గిన్నెలో మిగిలినది కొద్దిపాటి పెట్రోలు, దాంట్లో కలిసిన ఆయిలు. పెట్రోలు ఆవిరై ఆయిలూ బంకా అడుగున మిగులుతాయి. ఆ బంక వెళ్లి పట్టేది చిన్న జెట్టులో. దాని కన్నం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ.

నీళ్ల సంగతి మరొకటి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రపు గాలి, సగం ఖాళీ ట్యాంకు, రాత్రి పట్టే చెమ్మ కలిస్తే నీరు పోగవుతుంది. వాన నీరో అలల తుంపరో మూత దగ్గర నుంచి లోపలికి దిగితే మరీను. నీరు ఒక హద్దు దాటగానే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగునుంచే. అంటే మోటారుకు ముందుగా అందేది మండని ద్రవం.

దీన్ని కళ్లారా చూడొచ్చు. ట్యాంకు అడుగు నుంచి కొంత గాజు సీసాలోకి తీసి కదపకుండా పక్కన పెట్టండి. నీళ్లుంటే కింద వేరే పొరగా నిలుస్తాయి, రెండు పొరల మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఆ పెట్రోలును వడకట్టి వాడుకుందామనుకోవద్దు. ట్యాంకు, పైపు, ఫిల్టరు, కార్బొరేటర్ గిన్నె అన్నీ ఖాళీ చేసి కొత్త పెట్రోలు పొయ్యండి. ఆయిలు పాళ్లు మీ మోటారు పుస్తకం చెప్పినట్టే కలపండి. చాలా 2 స్ట్రోక్ మోటార్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు, కొన్నిటికి వేరే లెక్క.

కొత్త పెట్రోలు పోశాక కూడా ప్లగ్గు పొడిగానే ఉంటే చిన్న పరీక్ష చెయ్యండి. ఆయిలు కలిపిన పెట్రోలు అర చెంచా ప్లగ్గు కన్నంలో పోసి, ప్లగ్గు బిగించి, చిందినది తుడిచేసి తిప్పండి. రెండు సెకన్లు పలికి ఆగిపోయిందంటే స్పార్కు బాగుంది, పెట్రోలు దారే మూసుకుపోయింది. అప్పుడు జెట్టు విప్పి కార్బొరేటర్ క్లీనరుతో కడగండి. ఇనప తీగతో పొడవకండి. జెట్టు ఇత్తడి, కన్నం పెద్దదైపోతుంది. మెత్తటి కరెంటు వైరులో ఒక్క రాగి పోగు చాలు. ఈథర్ స్ప్రే కొట్టి స్టార్టు చేసే అలవాటు 2 స్ట్రోక్ మోటారుకు చేటు. దాంతోపాటు ఆయిలు వెళ్లదు, సిలిండర్ గీసుకుపోతుంది.

కిరోసిన్ మోటార్లకు ఒక ప్రత్యేకమైన జబ్బుంది. అవి పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరోసిన్‌కు మారతాయి. చల్లని సిలిండర్లో కిరోసిన్ ఆవిరి కాదు కాబట్టి ఈ ఏర్పాటు. ఒడ్డుకు చేరేముందు మళ్లీ పెట్రోలుకు తిప్పి కాసేపు నడిపి ఆపాలి. కిరోసిన్ మీదే ఆపేస్తే గిన్నె నిండా కిరోసినే మిగులుతుంది, మర్నాడు తెల్లవారుజామున ఎంత లాగినా పలకదు. గిన్నె అడుగు మర విప్పి ఖాళీ చేసి, పెట్రోలు నింపితే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

ప్లగ్గు తడిగా వస్తే ముందు మునక తీర్చాలి. చోక్ తీసేసి, న్యూట్రల్‌లోనే థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొన్నిసార్లు తిప్పండి. ప్లగ్గు తుడిచి ఆరబెట్టండి, లేదా కొత్తది వెయ్యండి. ప్లగ్గు నంబరు తప్పితే పని జరగదు. ఉదాహరణకు ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్-10 ప్లగ్గులో చివరి 10 అంటే మొనల మధ్య సందు 1.0 మిల్లీమీటరు. స్పార్కు చూడటానికి స్పార్క్ టెస్టర్ వాడండి, దాని క్లిప్పు ఇంజిన్ లోహానికి గట్టిగా తగిలించండి. ప్లగ్గును చేత్తో పట్టుకోవద్దు, అక్కడ వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్గు కన్నం దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటే మంట లేస్తుంది.

స్పార్కు రాకపోతే ఆపే స్విచ్చు వైరును ఇంజిన్ దగ్గర విడదీసి మళ్లీ చూడండి. ఆ వైరు ఇంజిన్ లోహానికి తగిలితే స్పార్కు ఆగేలా చాలా మోటార్లలో అమరిక ఉంటుంది, ఉప్పు పట్టిన స్విచ్చు తనంతట తానే తగిలిపోతుంది. విడదీయగానే స్పార్కు వస్తే దోషం స్విచ్చుది. అయితే అలాగే నడపకండి. ఆపాలంటే స్విచ్చు పనిచెయ్యదు, చోక్ లాగి ఆపాలి. విడదీసినా రాకపోతే కాయిల్, సీడీఐ డబ్బా దాకా వెళ్లినట్టే. మీటరు లేకుండా వాటిని మార్చడం డబ్బు దండగ, మెకానిక్‌కు చూపించండి.

ఇంజెక్షన్ ఉన్న 4 స్ట్రోక్ మోటారైతే కీ తిప్పగానే పెట్రోలు పంపు కొన్ని సెకన్లు సన్నగా గుయ్యిమనాలి. బ్యాటరీని కూడా అనుమానించండి. తిప్పేటప్పుడు అది 10 వోల్టుల కిందికి పడిపోతుంటే స్టార్టర్ తిరుగుతుంది గానీ లోపలి కంప్యూటరుకు చాలకపోవచ్చు.

పెట్రోలు, స్పార్కు రెండూ ఉండి కూడా పలక్కపోతే కంప్రెషన్. తాడు నెమ్మదిగా లాగితే ఒక్కోచోట బిగువు తగలాలి. జారిపోతున్నట్టు వస్తే గేజి పెట్టించండి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటితే రింగులో హెడ్ గాస్కెటో పోయాయి.

ఒడ్డున పరీక్షించేటప్పుడు నీళ్లు లేకుండా మోటారు నడపకండి. కింది భాగాన్ని డ్రమ్ము నీళ్లలో ముంచండి. లోపలి పంపు రబ్బరు పొడిగా తిరిగితే క్షణాల్లో కాలిపోతుంది. అందుకోగానే పక్క కన్నంలోంచి నీటి ధార వస్తోందో లేదో చూడండి.

వచ్చే ఏప్రిల్‌లో బోటు ఒడ్డుకు లాగే రోజున మోటారును మంచినీళ్ల డ్రమ్ములో నడపండి. కార్బొరేటర్ ఉన్న మోటారైతే నడుస్తుండగానే పెట్రోలు పైపు ఊడదీసి, గిన్నె ఖాళీ అయి దానంతట అదే ఆగేదాకా ఉంచండి. ఒక్కో ప్లగ్గు కన్నంలో చెంచా ఆయిలు పోసి చేత్తో రెండుసార్లు తిప్పి ప్లగ్గు బిగించండి. ట్యాంకు ఖాళీ చేసి, మూత బిగించి, నీడపట్టున పెట్టండి.