డీజిల్ బండికి ఆ ‘టానిక్’ అవసరమా?

కారు సర్వీసింగుకి ఇచ్చారు. సాయంత్రం తెచ్చుకుందామని వెళ్తే కౌంటర్ దగ్గరి అబ్బాయి బిల్లు రాస్తూ రాస్తూ ఆగాడు. ‘‘మేడమ్, ఇంజన్ ఆయిల్లో ఇదొక్కటి పోయిద్దాం. డీజిల్ బండి కదా, ఇంజన్ ఎక్కువ కాలం వస్తుంది, సౌండ్ తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది’’ అంటూ ఓ చిన్న సీసా చూపించాడు. వద్దంటే బండికేమవుతుందోనని భయం. సరేనంటే బిల్లు పెరుగుతుంది. ఇంటికి ఫోన్ చేసి అడిగితే ‘ఈమాత్రం తెలీదా’ అనుకుంటారేమోనని మొహమాటం. చివరికి ‘సరే, పోసెయ్యండి’ అనేస్తాం.

ఇది కార్లున్నవాళ్ల సమస్యే కాదు. అప్పు చేసి ట్రాలీ ఆటో కొనుక్కుని, నెల తిరిగేసరికి వాయిదా కట్టాల్సిన ఇళ్లలోనూ ఇదే ప్రశ్న. బండి నడిపేది ఆయనైనా లెక్క చూసుకునేది ఆవిడే. షెడ్డులో ఎవరో చెప్పారని ఆయిల్ మార్చినప్పుడల్లా ఒక సీసా కొనాలా?

సూటిగా చెప్పాలంటే, కంపెనీ చెప్పిన రకం ఆయిల్ వేళకు మారుస్తుంటే ఆ సీసా అక్కర్లేదు. కొన్ని బళ్లకైతే చేటు కూడా!

అన్నీ అందులోనే ఉన్నాయి

ఆవకాయ సంగతే తీసుకోండి. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె... అన్నీ కొలతగా పడితేనే ఏడాది నిలవుంటుంది. కలిపి జాడీకెత్తాక ఎవరో వచ్చి ‘ఇంకో గుప్పెడు మెంతిపిండి వేయండి, బావుంటుంది’ అంటే వేస్తామా? ఇంజన్ ఆయిలూ అంతే. డబ్బాలో ఉండేది ఉత్త నూనె కాదు. మసి అంటుకోకుండా ఇంజన్ లోపలి భాగాల్ని శుభ్రం చేసేవి, ఆ మసిని ముద్దకట్టనివ్వకుండా నూనెలోనే తేలేలా చూసేవి, లోహం అరగకుండా కాపాడే జింక్, ఫాస్ఫరస్ పదార్థాలు, తుప్పుపట్టనివ్వనివి, నురగ రానివ్వనివి, వేడికి నూనె మరీ పల్చబడకుండా చూసేవి... ఇన్ని రకాలు ముందే కలిపి ఉంటాయి. ఆ మిశ్రమాన్ని ఇంజన్లలో పోసి, నడిపి, పరీక్షించాకే డబ్బా మీద గ్రేడు ముద్రిస్తారు.

బయట దొరికే సీసాల్లోనూ చాలావరకు ఇలాంటి దినుసులే ఉంటాయి. కాకపోతే మీ ఆయిల్‌తో కలిపితే ఏమవుతుందో ఆ సీసా మీద రాసి ఉండదు. ఒకటి ఎక్కువైతే ఇంకోదాని పని చెడుతుంది. కొన్నింట్లో క్లోరిన్ పదార్థాలు కలుపుతారు. అవి ఇంజన్ వేడికి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తినేసే ప్రమాదముంది.

కొత్త బళ్లకు మరీ జాగ్రత్త

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమల్లోకొచ్చాయి. అప్పట్నుంచీ వస్తున్న డీజిల్ కార్లలో పొగ వెళ్లే దారిలో డీపీఎఫ్ అనే జల్లెడలాంటి భాగం ఉంటుంది. పొగలోని మసిని అది పట్టుకుని, తర్వాత వేడితో కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది గానీ, ఆయిల్లోని లోహపు దినుసుల వల్ల వచ్చే బూడిద కాలదు. అక్కడే పేరుకుపోతుంది. అందుకే ఈ బళ్లకు బూడిద తక్కువగా ఇచ్చే ప్రత్యేకమైన ఆయిల్ వాడమంటారు. అలాంటి ఆయిల్లో జింక్ సీసా గుమ్మరిస్తే? జల్లెడ తొందరగా పూడుకుపోవచ్చు. అది మార్చాలంటే చేతిచమురు బాగానే వదులుతుంది!

పైగా అదనంగా ఏమీ కలపవద్దని చాలా కార్ల మాన్యువల్స్‌లో రాసే ఉంటుంది. కలిపినందువల్ల ఇంజన్ చెడితే వారంటీ వర్తించకపోవచ్చు.

అమెరికాలో ఏమైందంటే...

స్లిక్ 50 అని అమెరికాలో చాలా పేరున్న ఇంజన్ ట్రీట్‌మెంట్. ఇంజన్ అరుగుదల బాగా తగ్గుతుందని టీవీల్లో ప్రకటనలిచ్చారు. ఆ మాటలకు సరైన ఆధారాల్లేవంటూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో అభియోగం మోపింది. 1997లో కంపెనీ రాజీకొచ్చి, అలాంటి ప్రకటనలు మానుకుంటామని ఒప్పుకుంది. ఆ తర్వాత ఇంకొన్ని బ్రాండ్ల మీదా కమిషన్ చర్య తీసుకుంది.

చిన్న మిషన్ మీద రెండు ఇనుప ముక్కల్ని రాపాడించి, తమ మందు పోయగానే అరుపు ఆగిపోయినట్టు చూపించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నడుస్తున్న ఇంజన్లో అలా లోహం మీద లోహం నొక్కుకుని ఉండదు. చాలాచోట్ల మధ్యలో పల్చటి నూనె పొర ఉంటుంది. కాబట్టి ఆ తమాషా చూసి మోసపోవద్దు.

పాత బండి పొగ వదులుతుంటే?

నీలం పొగ వస్తోందంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. టర్బోలో లోపం ఉండొచ్చు. చిక్కటి మందు పోస్తే కొన్నాళ్లు పొగ తగ్గినట్టుంటుంది గానీ, అరిగిన రింగు తిరిగి పెరగదు. పంటినొప్పికి మాత్ర వేసుకుని పుచ్చును వదిలేసినట్టే. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడూ ఈ సంగతి గుర్తుంచుకోండి. పొగ కనపడకుండా ఇలాంటివి పోసి అమ్మేవాళ్లూ ఉంటారు. నమ్మకమైన మెకానిక్‌తో చూపించుకున్నాకే బేరం ఖాయం చేసుకోండి.

మరి మనం చేయాల్సిందేంటి?

* మాన్యువల్ తీసి మీ బండికి ఏ ఆయిల్ చెప్పారో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. 5డబ్ల్యూ-30 లాంటి చిక్కదనం అంకె ఒక్కటే చాలదు. ఏసీఈఏ సీ3, ఏపీఐ సీకే-4 లాంటి గ్రేడు కూడా కలవాలి.

* కిలోమీటర్లు, నెలలు... రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. సీసాకయ్యే డబ్బు ఇక్కడ పెట్టండి.

* డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది. కంగారుపడొద్దు. మసిని పట్టుకుని తన పని తాను చేస్తోందన్నమాట.

* నెలకోసారి ఆయిల్ మట్టం చూడండి. బండి చదునైన చోట ఆపి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. నూనె రెండు గుర్తుల మధ్య ఉండాలి.

* మట్టం పై గుర్తు దాటి పెరుగుతుంటే ఆయిల్లో డీజిల్ కలుస్తోందేమో అనుమానించాలి. ఎప్పుడూ బడికీ బజారుకీ మాత్రమే తిరిగే డీపీఎఫ్ బళ్లలో ఇలా జరగొచ్చు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరి ఉండొచ్చు. రెండిట్లో ఏదైనా వెంటనే మెకానిక్‌కి చూపించాలి.

ఈసారి సర్వీసింగులో ఎవరైనా సీసా చూపిస్తే భయమూ వద్దు, మొహమాటమూ వద్దు. మాన్యువల్ చేతికిచ్చి, ‘‘ఇది పోయమని ఇందులో ఎక్కడుందో చూపించు బాబూ’’ అనండి. చూపించలేకపోతే బిల్లులో ఆ గీత కొట్టేయించండి!