కప్పు మీది మచ్చ

రోహిణీకార్తె యెండలకు రోళ్లు పగులునని మన పెద్దలందురు. రోలే పగులునప్పుడు డాబా పగులకుండ నుండునా? పగలెల్ల మాడుచు, రాత్రి చల్లబడుచు, స్లాబు దినదినమును సాగి ముడుచుకొనుచుండును. అందువలన పైపూతలో సన్నని నెర్రెలు పుట్టును. మృగశిర ప్రవేశించి తొలకరి కురిసిననాడు ఆ నెర్రెలే నీటికి ద్వారములగును. వడియములు పెట్టుటకు మనము డాబా యెక్కుచునే యున్నాము. కాని మన చూపు వడియములమీదనే యుండును. సోదరీమణులారా, వడియములెత్తిన పిమ్మట ఈ యేడు ఒక్క సాయంకాలము డాబాను చూచుటకే డాబా యెక్కుడని మా మనవి.

ఇట్లు కోరుటకు కారణము కలదు. మా బంధువుల యింట వంటగది కప్పుమీద మొదట రూపాయి బిళ్లంత పసుపుపచ్చని మచ్చ కనబడినది. ఇల్లాలు చూచి చెప్పినది. "సంక్రాంతికి సున్నము వేయింతములే" యనిరి. వేయించిరి. మచ్చ మాయమైనది. మరుసటి వానలకు పళ్లెమంతయై మరల వచ్చినది. మరల సున్నము. మూడవ యేట నొక రాత్రి తట్టెడు పెచ్చు విరిగి పొయ్యిగట్టు మీద పడినది. తెల్లవారిన పిమ్మట పడియున్నచో, ఆమె యచ్చటనే నిలిచి పాలు కాచుచుండెడిది. పెచ్చు ఊడినచోట ఇనుప చువ్వలు తుప్పుపట్టి పొరలుపొరలుగా నుండుట మేము కన్నులార చూచితిమి.

సిమెంటు కాంక్రీటు చక్కగా నున్నంతకాలము తనలోని యినుమును తుప్పు పట్టనీయదు. నీరును గాలియు ఏండ్లతరబడి చొరబడగా నా రక్షణ సడలిపోవును. ఇనుము తుప్పుగా మారినచో మొదటికంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. కాంక్రీటులో చిక్కిన చువ్వకు పొంగుటకు తావేది? క్రింది పొరను నెట్టివేయును. సున్నము మచ్చను కప్పును గాని నీటిని ఆపదు. మచ్చను మొదట చూచునది ఇల్లాలే. ఆమె మాటను "తరువాత చూతము" అని త్రోసివేయుట మన యిండ్లలో ఖరీదైన యలవాటు.

మచ్చ వాననీటిదో పైపునీటిదో ముందుగా తేల్చుకొనవలెను. నడివేసవిలో సైతము ఎండని మచ్చ సాధారణముగా పైపుది. రాత్రి కొళాయిలన్నియు కట్టి, మోటారు వేయక, ట్యాంకులోని నీటిమట్టమునకు గుర్తు పెట్టి ఉదయమున చూడుడు. ఎవరును వాడకయే మట్టము దిగినచో నీరు ఎక్కడనో కారుచున్నదన్నమాట.

ఇక డాబా సంగతి. ముందు తూములు చూడుడు. వేపాకు, పిల్లల బంతి, ఎగిరివచ్చిన ప్లాస్టిక్కు సంచి, వీనిలో నేదైనను చాలును, ఒక్క రాత్రి వానకు డాబాను చెరువు చేయుటకు. తూములు బాగుచేసి నాలుగు బకెట్ల నీరు పోసి గంటసేపు విడువుడు. నిలిచిన నీటి చుట్టును ముగ్గుపిండితో గీయుడు. మేస్త్రి వచ్చినప్పుడు "ఎక్కడనమ్మా?" అని యడిగిన, మన చేతిముగ్గే సమాధానము చెప్పును. అచ్చట తూమువైపు వాలు చాలలేదని యర్థము.

పిట్టగోడ మొదట రావిమొక్క గాని మర్రిమొక్క గాని మొలచియుండును. పక్షులు విత్తనము వేసిపోవును. రావిమొక్కను పెరుకుటకు మనలో ననేకుల చేతులు వెనుకాడును. "రెండాకులేగదా" యని విడుతురు. రెండాకులున్నప్పుడే వేరుతో రాగలదు. రెండేండ్లు విడిచినచో గోడనే చీల్చును. మనసొప్పనివారు తీసి కుండీలో నాటి చెరువుగట్టునకో గుడి తోటకో పంపవచ్చును.

నెర్రెలు పూడ్చుట చిన్నపని. మన చేతులతోనే కాగలదు. నెర్రెను ఉలితో కొంచెము వెడల్పుచేసి, దుమ్మంతయు కుంచెతో దులిపి, నీటితో తడుపుడు. ఒక పాలు సిమెంటునకు మూడు పాళ్లు జల్లించిన సన్నయిసుక కలుపుడు. సిమెంటులో కలుపుటకు పాలవంటి జిగురు ద్రవమును దుకాణములలో నమ్ముదురు. దానిని డబ్బామీద వ్రాసిన కొలత ప్రకారము చేర్చినచో అతుకు నిలుచును. రబ్బరు తొడుగులు మరువవలదు, సిమెంటు చేతులను కాల్చును. చల్లని పొద్దుననే ఈ పని చేయుడు. సిమెంటు ఎండి గట్టిపడునను భ్రమ మనలో మెండు. అది నీటితో కలిసియే గట్టిపడును. కావున తడి గోనెపట్ట కప్పి ఏడు దినములు తడుపుచుండవలెను. వెండ్రుకవంటి నెర్రెలలోనికి సిమెంటు దిగదు. వానిపైని సాగెడు గుణముగల నీటికాపు రంగు రెండుమార్లు పూయుటయే మేలు. కొందరు మేస్త్రీలు సిమెంటు పాలు పోసి చీపురుతో నలిమి వెళ్లుదురు. మరుసటి రోహిణికి అదియు పగులును.

బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపిన గానుగసున్నముతో వేసిన పాతకాలపు మిద్దెలున్నవారు మాత్రము సిమెంటు జోలికి పోరాదు. సున్నముతో సిమెంటు పొత్తు కుదరదు. రెండును విడిపోయి నడుమ నీరు నిలుచును. అట్టి మిద్దెకు సున్నపు పని తెలిసిన ముదుసలి మేస్త్రినే వెదకవలెను.

మన చేతికి మించినవియు కలవు. కప్పును పొడుగుకర్రతో, ప్రక్కకు నిలిచి, మెల్లగా తట్టిచూడుడు. డొల్ల శబ్దము వచ్చినచోట క్రింద మంచము, ఉయ్యెల, పొయ్యి ఉంచవలదు. ఆ దినముననే మనిషిని పిలువుడు. చువ్వ కనబడినను, దూలములో గాని స్తంభములో గాని నెర్రె కనబడినను ఇంజనీరునకు చూపక సిమెంటు మెత్తరాదు. గోడ నెర్రె పెరుగుచున్నదో లేదో తెలియనప్పుడు పిండిజిగురుతో పలుచని కాగితము అడ్డముగా నంటించి తేదీ వ్రాయుడు. చినిగినచో గోడ కదలుచున్నదని యర్థము. తడిసిన గోడకు స్విచ్చులున్నచో మెయిను కట్టక తాకరాదు. పెంకులమీదికి మీరెక్కవలదు.

తొలి పెద్దవాన వెలిసిన పిమ్మట దీపము పట్టి కప్పులన్నియు ఒకమారు చూచిరండు. మచ్చ యున్నచో, దాని యంచువెంబడి పెన్సిలుతో గీత గీసి తేదీ వేయుడు. మరు వానకు మచ్చ గీత దాటినచో పెన్సిలు గీతనే ఇంటాయనకు చూపుడు.