మీకు తెలుసా? గుయ్‌మనే ట్రాన్స్‌ఫార్మర్, గుప్పుమనే అమ్మోనియా

పెనుమూడి నుంచి రేపల్లె మీదుగా అటు బాపట్ల వెళ్ళినా, ఇటు తెనాలి వెళ్ళినా దారిపొడవునా ఒక దృశ్యం కనబడుతుంది. జంట స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని నీడన టిఫిన్ బండి, ఆ వెనకే గోడ ఆనుకుని ఇల్లు. ఇంకాస్త పక్కకు పోతే రొయ్యల చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు. వీటి మధ్య కాపురం ఉండేవాళ్ళకు వీటి మీద అనుమానాలు బోలెడు. చిక్కేమిటంటే, భయపడాల్సిన దాన్ని వదిలేసి అక్కర్లేని దానికి భయపడుతుంటాం.

ఆ గుయ్‌మనే చప్పుడు రేడియేషన్‌ది కాదు

ట్రాన్స్‌ఫార్మర్ లోపల పలచటి ఉక్కు రేకుల దిమ్మ ఉంటుంది. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి ఆ రేకులు కూడా సెకనుకు 100 సార్లు వెంట్రుకవాసిలో సాగి, మళ్ళీ ముడుచుకుంటాయి. చెవిన పడేది ఆ కదలికే. మోత ఉన్నట్టుండి పెరిగితే లోడు ఎక్కువైందనో బోల్టులు వదులయ్యాయనో అర్థం. అప్పుడు చెప్పాల్సింది లైన్‌మన్‌కి, డాక్టరుకి కాదు.

"అది పక్కనుంటే క్యాన్సరొస్తుందండీ" అనే మాట ఊరూరా ఉంది. దీనికి మూలం లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో కరెంటు తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని 2బి జాబితాలో చేర్చింది. 'కారణం కావచ్చు, కానీ రుజువు చాలదు' అని ఆ జాబితాకు అర్థం. సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాలకు మించిన క్షేత్రంలో ఏళ్ళతరబడి ఉన్న పిల్లల్లో రక్త క్యాన్సర్ కొద్దిగా ఎక్కువ కనబడిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. క్షేత్రమే కారణమని మాత్రం తేలలేదు. కలబంద ఆకు మొత్తాన్ని నూరి తీసిన సారం కూడా అదే 2బి జాబితాలో ఉంది. ఇక 50 హెర్ట్జ్ క్షేత్రానికి జనసామాన్యం విషయంలో అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో పెట్టిన హద్దు 200 మైక్రోటెస్లాలు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ బలం చకచకా పడిపోతుంది. పసిపిల్లల మంచం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న గోడ వైపు కాకుండా ఎదుటి గోడకు జరుపుకుంటే జరుపుకోండి, ఖర్చేమీ లేదు. అంతకుమించి బెంగ అక్కర్లేదని నా అభిప్రాయం.

లోపలున్నది నీళ్ళు కాదు, నూనె

100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో 100 లీటర్లకు పైగానే నూనె పడుతుంది. చుట్టల వేడిని బయటికి తేవడం, చుట్టకూ చుట్టకూ మధ్య కరెంటు దూకకుండా ఆపడం దాని పని. పెట్రోలియం నుంచి తీసిన ఈ ఖనిజ నూనెకు 140 డిగ్రీల ప్రాంతంలో గానీ అంటుకునేంత ఆవిరి రాదు. అగ్గిపుల్ల పడితే భగ్గుమనదు. లోపల షార్టై నిప్పు పుడితే మాత్రం ఆగదు. అప్పుడు బిందెతో నీళ్ళు పోయడమంత తెలివితక్కువ పని లేదు. నూనె నీటి మీద తేలి మంటతో సహా పారుతుంది, పైనున్న 11 కేవీ తీగ పోసినవాడిని పట్టుకుంటుంది. ముందు సరఫరా ఆపించాలి.

ఈ నూనె మోకాళ్ళ నొప్పులకు మందని రుద్దుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఏళ్ళతరబడి కాగిన నూనెలో ఏమేం కలిసి ఉంటాయో చూసి చెప్పడం కుదరదు. చర్మానికి దాన్ని పట్టించడమెందుకు? కెన్యాలో ఇంకా విచిత్రం: అక్కడ దొంగలు ట్రాన్స్‌ఫార్మర్ల నూనె తీసి రోడ్డు పక్క వేపుడు బండ్లకు అమ్ముతున్నారని 2014లో వార్తలొచ్చాయి. ఎంత కాచినా తొందరగా తరగదని కొనేవారట. మన పొలాల్లో దొంగలకు కావలసింది లోపలి రాగి తీగ. నూనె మాత్రం మడిలో పారబోసిపోతారు. అది పడిన చోట మట్టికి గాలి ఆడదు, పైరు చచ్చిపోతుంది.

తవుడు నూనెలో పడిన విషం

తెనాలి చుట్టుపక్కల తవుడంటే తెలియనివాళ్ళుండరు కనుక ఈ కథ కొంచెం వివరంగా చెప్పాలి.

ఒకప్పుడు కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో ఖనిజ నూనెకు బదులు పీసీబీలనే క్లోరిన్ రసాయనాలు పోసేవారు. పూర్తి పేరు పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్. అమెరికాలో 1929లో వీటి వ్యాపార ఉత్పత్తి మొదలైంది. మంట అంటుకోదు, వేడికి చెడదు, ఏళ్ళు గడిచినా మారదు. ఇంజనీర్లు మెచ్చుకున్న ఆ గుణమే ప్రాణాంతకమైంది. మట్టిలోనూ నదిలోనూ కూడా అది మారకుండా ఉండిపోతుంది, జీవుల కొవ్వులో పేరుకుపోతుంది.

1968లో జపాన్ పశ్చిమ భాగంలో తవుడు నూనె తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నూనెను వేడిచేసే గొట్టాల్లో పీసీబీ పారుతుండేది. గొట్టానికి చిల్లుపడి అది తవుడు నూనెలో కలిసింది. ముందు చచ్చింది కోళ్ళు. ఆ నూనె తయారీలో మిగిలిన దినుసు కలిపిన దాణా తిని లక్షల కోళ్ళు చనిపోయాయి. ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని నెలలకు మనుషుల ముఖాల మీద, వీపుల మీద నల్లటి తలలతో మొటిమలు, కళ్ళ వెంట జిగురు, ఒళ్ళంతా నీరసం. జబ్బుపడిన తల్లులకు పుట్టిన పిల్లల్లో కొందరి చర్మం ముదురు గోధుమ రంగులో ఉంది. దాదాపు 14,000 మంది తమకు జబ్బు చేసిందని ముందుకొచ్చారు. 'యూషో' పేరుతో వైద్య పుస్తకాలకెక్కిన ఘటన ఇది. అంతా అయ్యాక 1979లో తైవాన్‌లో అచ్చంగా ఇదే పొరపాటు, మళ్ళీ తవుడు నూనెలోనే! దాదాపు 2,000 మంది బాధితులు.

ఈ కథ విని వంటింట్లో తవుడు నూనె సీసా పారబోయకండి. దోషం తవుడుది కాదు, గొట్టంలో పారిన దానిది.

నది ఒడ్డున ఉండేవాళ్ళు ఇంకొకటి వినాలి. అమెరికాలో హడ్సన్ నది పక్కన జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ రెండు ఫ్యాక్టరీలు 1947 నుంచి 1977 వరకు పీసీబీలను నదిలోకి వదిలాయి. నది ఎగువ భాగంలో 1976లో చేపల వేట ఆపేశారు. అడుగు బురదను తవ్వి తీసే పని 2009లో మొదలై 2015 దాకా సాగింది. ముప్ఫై ఏళ్ళు వదిలిన దాన్ని ఎత్తడానికి పూనుకునేసరికి ఇంకో ముప్ఫై ఏళ్ళు గడిచాయన్నమాట.

మరి మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏముంది?

ఖనిజ నూనే. మన దేశంలో పీసీబీలు ఎక్కువగా పాత విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారాల్లాంటి పెద్ద చోట్ల దిగుమతి యంత్రాల్లో ఉండేవి. 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని భారత్ 2006లో ఆమోదించింది. 2016లో కేంద్ర పర్యావరణ శాఖ పీసీబీల తయారీని, దిగుమతిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పీసీబీ ఉన్న యంత్రాల వాడకానికి ఆఖరు గడువు 2025 డిసెంబరు 31 అని కూడా అందులోనే పెట్టింది.

అసలైన పీసీబీ ద్రవం నీటికన్నా బరువు, అడుగుకు మునుగుతుంది. ఖనిజ నూనె తేలుతుంది. అయితే కొద్దిపాటి పీసీబీ కలిసిన ఖనిజ నూనె కూడా తేలుతుంది కాబట్టి బకెట్ పరీక్ష పెట్టి నిశ్చింతగా ఉండడానికి లేదు. ఒకే వడపోత యంత్రంలో పాత నూనె, కొత్త నూనె మార్చిమార్చి వేస్తే ఒకదాని మురికి ఇంకోదానికి అంటుతుంది. పాత నూనెను తుక్కు వ్యాపారికి అమ్మకూడదనడానికి కారణం అదే.

నీలం గింజలు ఆటవస్తువులు కావు

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చిన్న గాజు సీసా ఒకటి వేలాడుతుంటుంది, చూశారా? అది బ్రీదర్. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినప్పుడు గాలి వదులుతుంది, చల్లబడ్డప్పుడు పీల్చుకుంటుంది. ఆ గాలిలో తేమ నూనెలోకి పోకుండా సీసాలోని సిలికా గింజలు పట్టేస్తాయి. పొడిగా ఉన్నంతసేపు నీలం, తడి పట్టాక గులాబీ రంగు. మన సముద్రపు గాలికి ఆ రంగు త్వరగా మారుతుంది. కొత్త నూనెకు పరీక్ష ఏమిటో తెలుసా? గిన్నెలో రెండు లోహపు గుండ్లను 2.5 మిల్లీమీటర్ల ఎడంతో ముంచి 30,000 వోల్టులిస్తారు. మధ్యనున్న ఆ పలచటి పొర ఓర్చుకోవాలి. చెమ్మ చేరిన నూనె అందులో సగానికే చేతులెత్తేస్తుంది.

ఆ గింజల నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది. అది ఒంట్లోకి పోతే మంచిది కాదు, క్యాన్సర్ అనుమానిత పదార్థాల్లో దాని పేరుంది. సీసా పగిలి గింజలు కిందపడితే పిల్లలు గోళీల్లా ఏరుకుంటారు. ఏరనివ్వకండి. ఇప్పుడు నారింజ రంగు గింజలు వస్తున్నాయి, వాటిలో కోబాల్ట్ ఉండదు.

మనిషికన్నా ముందు గేదె ఎందుకు పడిపోతుంది?

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిజమైన ముప్పు ఇదే. తెగిన తీగో, పాడైన ఎర్తో నేలలోకి కరెంటు వదిలితే నేల మీద ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ వోల్టేజి మారుతుంది. మనిషి రెండు కాళ్ళ మధ్య దూరం తక్కువ. గేదె ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య బారెడు ఎడం, పైగా ఆ దారిలోనే గుండె. అందుకే స్టే వైరుకు గేదెను కట్టేయడమంత ప్రమాదం ఇంకొకటి లేదు. తీగ తెగిపడితే కనీసం పది మీటర్ల అవతల ఉండండి. అప్పటికే దగ్గరగా ఉంటే పరుగెత్తకండి, పాదాలు రెండూ ఆనించి నేలను రాస్తూ చిన్నగా జరగండి.

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎర్త్ గుంటలుంటాయి. మన నేల తడినేల కాబట్టి ఎర్త్ బాగానే అందుతుంది. కానీ ఉప్పునీటి రొయ్యల చెరువుల ఊళ్ళలో జింకు పూసిన ఇనుప పట్టీ నేలలోపల తుప్పుపట్టి తెగిపోతుంది. పైన మాత్రం మెరుస్తూనే ఉంటుంది. న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా రావచ్చు. వీధిలో సగం ఇళ్ళ టీవీలు ఒకేసారి కాలిపోయాయంటే కారణం చాలాసార్లు అదే.

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వదిలారు. బ్యారేజీ చరిత్రలో అదే ఎక్కువ. ఆ నీరు పెనుమూడి పక్కనుంచి కూడా సముద్రానికి వెళ్ళింది. అలాంటి రోజుల్లో కరెంటు ఆపేశారని విసుక్కుంటాం గానీ, మునిగిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షించకుండా మళ్ళీ వేస్తే నీళ్ళలో నిలబడ్డ ఊరంతా ప్రమాదంలో పడుతుంది.

ఐసు ఫ్యాక్టరీ పక్కిల్లు

చేపకూ రొయ్యకూ ఐసు కావాలి, ఐసుకు అమ్మోనియా కావాలి. సున్నాకు 33 డిగ్రీలు దిగువనే మరిగిపోయే వాయువది. గాలిలో పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళుంటే చాలు, ఘాటు ముక్కుకు తెలిసిపోతుంది. 300 పాళ్ళయితే ప్రాణాపాయం కింద లెక్క. గాలికన్నా తేలికైనదే అయినా చల్లటి పొగమంచులా బయటపడ్డప్పుడు నేలనంటుకునే పాకుతుంది. నీళ్ళలో మాత్రం ఇట్టే కరిగిపోతుంది. కనుక తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని గాలికి అడ్డంగా, తర్వాత ఎదురుగా నడవాలి. గాలివాలున పరుగెడితే వాయువు మనతోపాటే వస్తుంది.

అన్ని వాయువులకూ తడిగుడ్డ పనిచేస్తుందనుకోవడం పొరపాటు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వచ్చిన స్టైరీన్ నీళ్ళలో సరిగా కరగదు. దాని ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు, నేలబారుగా పారి ఇళ్ళలోకి చేరింది. 12 మంది చనిపోయారు. కరోనా లాక్‌డౌన్‌లో కదలకుండా నిలవున్న స్టైరీన్ తనంతట తానే వేడెక్కి గడ్డకట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఆపే రసాయనం చాలినంత లేదు. ట్యాంకు పైభాగంలో వేడి ఎంతుందో కొలిచే ఏర్పాటే లేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరన్ కూడా మోగలేదు. ఈ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది. ఊరు దాని గోడదాకా ఎలా వచ్చింది, ఎవరు రానిచ్చారు అన్నది ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే.

కారు వెళ్ళింది, వీధి పేలింది

తవుడు నుంచి నూనె తీయడానికి వాడే హెక్సేన్ ఆవిరి కూడా గాలికన్నా మూడు రెట్లు బరువు. 1981 ఫిబ్రవరి 13న అమెరికాలోని లూయివిల్ నగరంలో సోయా నూనె ఫ్యాక్టరీ నుంచి హెక్సేన్ మురుగు కాలువల్లోకి పోయింది. పైన వెళ్తున్న ఒక కారు నుంచి నిప్పురవ్వ తగిలి మూడు కిలోమీటర్లకు పైగా వీధులు లేచిపోయాయి. తెల్లవారుజాము కాబట్టి ప్రాణాలు దక్కాయి. మిల్లు పక్క కాలువలో పెట్రోలు వాసనలాంటిది వస్తే దాన్ని మామూలు మురుగువాసనగా వదిలేయకండి.

అడిగే హక్కు ఉంది

భోపాల్ విషవాయు ప్రమాదం తర్వాత 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం, పరిమితికి మించి ప్రమాదకర రసాయనాలు నిలవచేసే సంస్థ ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలి. చిన్న ఐసు ఫ్యాక్టరీలు చాలావరకు ఆ పరిమితిని చేరవు, మన పక్కనుండేవి మాత్రం అవే. 11 కేవీ తీగకూ ఇంటికీ మధ్య పక్కకు 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఎడం ఉండాలి. మేడ మీద గది వేసేముందు ఇది కొలుచుకోండి. విద్యుత్ తీగ వల్ల ప్రాణం పోతే నిర్లక్ష్యం రుజువు కాకపోయినా సరఫరా సంస్థదే బాధ్యతని సుప్రీంకోర్టు 2002లో మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో చెప్పింది.

నూనె కారుతున్నా, బ్రీదర్ గులాబీ రంగుకు వచ్చినా, ఎర్త్ పట్టీ తెగినా 1912కు ఫోన్ చేయండి. చేసేముందు స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చూసుకోండి. ఊరి పేరుతోపాటు అది కూడా చెబితే లైన్‌మన్ వెతుక్కునే పని ఉండదు.