వరదకు ముందు చేసే దానం



2021 నవంబరు మూడో వారాన్ని మన ప్రాంతం అంత తేలిగ్గా మరిచిపోలేదు. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఒక ఇల్లు కూలి నీళ్లలో కలిసిపోయింది. చిత్తూరులో నీవా నది పొంగింది. ఆ నెల 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ పల్లెల్లో ప్రాణనష్టం జరిగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు ప్రమాదం ఏర్పడి ఊళ్లు ఖాళీ చేయించవలసి వచ్చింది. అప్పుడు అన్నం పొట్లాలు, దుప్పట్లు పంచడానికి ఎన్నో చేతులు ముందుకు వచ్చాయి. ఆ దానంలో కొంత వరదకు ముందే ఖర్చు పెట్టాలన్నది మా మనవి.

ఒక చిన్న లెక్క

ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే ఒక కోటి లీటర్ల నీరు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే 2,000 కావాలి. చెట్లు, మట్టి ఉంటే అందులో కొంత ఇంకుతుంది. సిమెంటు పరిస్తే దాదాపు అంతా పారుతుంది. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అందుకే నెలంతా పడవలసిన వాన రెండు రోజుల్లో పడే ప్రమాదం పెరుగుతోంది.

నీటికి వార్డు హద్దులు లేవు

పాకాల, చంద్రగిరి కొండల నీరు స్వర్ణముఖిలో చేరి తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సముద్రానికి పోతుంది. ఈ నీరంతా వచ్చి చేరే నేలే నది పరీవాహక ప్రాంతం. ఎగువన వంక పూడితే దిగువన వీధి మునుగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే ఏరు కాబట్టి ఒడ్డు ఖాళీ స్థలమనిపిస్తుంది. వేరేచోట అద్దె కట్టలేని కుటుంబాలే అక్కడ గుడిసె వేసుకుంటాయి. అందువల్ల వరద మొదట పేదవాడి గడపే తొక్కుతుంది.

నింపాలా, వదలాలా?

మనది కరువు సీమ. చెరువులో నీటిని వదిలేయమంటే ఏ రైతుకూ మనసొప్పదు. కొన్నిచోట్ల మొరవ మీద ఇసుక బస్తాలు పేర్చి నీటిని ఎత్తుగా నిలుపుతారు. పెద్దవాన వస్తే ఆ నీటికి దారి లేక కట్టే తెగుతుంది. పైచెరువు తెగితే దాని నీరంతా కిందిచెరువు మీద పడుతుంది. కాబట్టి చెరువులో పూడిక తీసి లోతు పెంచాలి, మొరవను మాత్రం తెరిచి ఉంచాలి. అప్పుడు కరువుకూ వరదకూ ఒకే పని పనికొస్తుంది.

మనం చేయగలిగినవి

1. వేసవిలో జలవనరుల శాఖ అనుమతితో ఒక చెరువు పూడికతీతకు సాయపడటం. కట్ట మొదట్లో మట్టి తీయకూడదు. తీసిన ఒండ్రు రైతుల పొలాలకు పనికొస్తుంది.

2. అక్టోబరు వానలకు ముందే వీధి కాలువలు, కల్వర్టులు శుభ్రం చేయించడం.

3. పల్లపు వీధుల్లో వృద్ధులు, గర్భిణులు, నడవలేనివారు ఏ ఇంట్లో ఉన్నారో జాబితా రాసుకోవడం. రాత్రివేళ హెచ్చరిక వస్తే మసీదు మైకు అందరికీ ఉపయోగపడాలి. ఎత్తుమీది షాదీఖానా మతంతో పనిలేకుండా అందరికీ తలుపు తీయాలి.

4. ప్రతి పేద కుటుంబానికి నీరు చొరని ప్లాస్టిక్ సంచి ఇచ్చి ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు అందులో పెట్టించడం. తడిసి పాడైన సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే పిల్లల చదువు వెనకబడుతుంది.

జకాత్ సొమ్ముకు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు గనుక ఈ పనులకు సదఖా, చందాల సొమ్ము వాడటం మంచిది. వరద సాయానికి కేటాయించే ప్రతి 100 రూపాయల్లో 25 ముందు జాగ్రత్తకు పక్కన పెట్టాలని కోరుతున్నాం. పూడిక తీసిన చెరువు ఫొటోలో దుప్పటి పంచినంత బాగా కనిపించకపోవచ్చు. కానీ ఆ ఏడాది దుప్పటి అడిగే చేతులు కొన్నయినా తగ్గుతాయి.