కంపైలర్ సరేనన్నా కాగితం కాదంటుంది

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెల కోసం ఈ మట్టాలు చూపే చిన్న ప్రోగ్రామ్‌ను ఖమ్మం విద్యార్థి ఒకడు రాశాడనుకుందాం. చేతిలో లినక్స్ ఉన్న పాత ల్యాప్‌టాప్. కోడ్‌ను జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ వదిలేశాడు. ఆ ల్యాప్‌టాప్ మీదే విండోస్‌కూ ఐఫోన్‌కూ పనికొచ్చే ఫైళ్లు తయారుచేయాలి. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు.

విండోస్ సంగతి తేలిక. మిన్‌జీడబ్ల్యూ-డబ్ల్యూ64 ప్రాజెక్టు వాళ్లు విండోస్ ఫంక్షన్లను ఎలా పిలవాలో చెప్పే హెడర్ ఫైళ్లను మైక్రోసాఫ్ట్‌వి తీసుకోకుండా విడిగా రాసిపెట్టారు. వాటిని ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు.

చిక్కంతా ఐఫోన్ దగ్గరే. దాని ప్రాసెసర్‌కు తగ్గ కోడ్ తయారుచేయడం క్లాంగ్ కంపైలర్‌కు ఓ లెక్క కాదు. అదీ ఓపెన్ సోర్సే, యాపిల్ అండతో పెరిగిందే. కానీ తెర మీద ‘43’ అని చూపాలన్నా ఫోన్‌లోని ఏ ఫంక్షన్‌ను ఎలా పిలవాలో చెప్పే హెడర్లు కావాలి. అవి యాప్‌లు రాసేవాళ్లకు యాపిల్ ఇచ్చే పనిముట్ల కట్ట, ఎస్‌డీకేలో ఉంటాయి. ఆ ఎస్‌డీకేను యాపిల్ కంప్యూటర్లలోనే వాడాలనీ, ఇంకొకరికి పంచకూడదనీ ఒప్పందం. అందుకే లినక్స్ మీద మ్యాక్ ప్రోగ్రాములు కంపైల్ చేసే ఓఎస్‌ఎక్స్‌క్రాస్ తక్కిన సరంజామా అంతా ఇచ్చి, ఎస్‌డీకే మాత్రం మీరే తెచ్చుకోండంటుంది. భోజనానికి పిలిచి బియ్యం తెచ్చుకోమన్నట్టు!

హెడర్లలోని పేర్లకు కూడా కాపీరైటా? గూగుల్, ఒరాకిల్ పదేళ్లకు పైగా కొట్లాడుకున్నది ఇలాంటి ప్రశ్న మీదే. ఒరాకిల్ చేతిలోని జావా భాష డిక్లరేషన్లలో సుమారు 11,500 వరుసలను గూగుల్ వాడుకోవడం తప్పు కాదని 2021లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అసలు వాటికి కాపీరైట్ ఉందా లేదా అన్నది మాత్రం తేల్చలేదు.

ఎస్‌డీకేకు యాపిల్ కంప్యూటరే కావాలంటే, మ్యాక్ అద్దెకు దొరుకుతుంది. అమెజాన్ క్లౌడ్‌లో పది నిమిషాల పనికైనా 24 గంటల బాడుగ కట్టాలి. ఆ గడువు మ్యాక్‌ఓఎస్ లైసెన్సు పెట్టిందే. బహిరంగ ప్రాజెక్టులకు గిట్‌హబ్ మ్యాక్‌లను ఉచితంగానే ఇస్తుంది. మనవాడికి అదే దారి.

ఫైలు తయారయ్యాక మన లైసెన్సే అడ్డం తిరుగుతుంది. జీపీఎల్ ప్రోగ్రామ్‌ను పంచేవాళ్లు అదనపు షరతులు పెట్టకూడదు. ఐఫోన్ యాప్‌లు పంచే యాపిల్ యాప్ స్టోర్ మాత్రం పెడుతుంది. జీపీఎల్ కిందే ఉండి 2010లో ఐఫోన్‌కు వచ్చిన వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌ను, దాన్ని రాసినవాళ్లలో ఒకరైన రెమీ డెని-కూర్మోన్ అభ్యంతరం చెప్పడంతో 2011 జనవరిలో యాపిల్ తీసేసింది. లైసెన్సు మార్చుకున్నాక, 2013 జులైలో గానీ తిరిగి రాలేదు. కోడంతా తనదే అయితే మన విద్యార్థి యాప్ స్టోర్‌కు మినహాయింపు తానే ఇచ్చుకోవచ్చు. భద్రాచలం స్నేహితుడెవరైనా అందులో కొంత కోడ్ రాసి ఉంటే అతని అనుమతీ కావాలి.