కల్లు మానగానే ఆగమైతే... అది గాలి కాదు, జబ్బు

బిచ్కుంద కామారెడ్డి జిల్లాలోని మండలం. ఈ జిల్లా పల్లెల్లో పొద్దంతా కష్టం చేసి, పొద్దుగూకినంక కల్లు తాగేవాళ్ళు ఉన్నారు. మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ తాగుతారు. ఒళ్ళు నొప్పులు పోతాయంటారు. నిద్ర పడుతుందంటారు.

చెట్టు కల్లు వేరు. కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తు మందులు కలుపుతారు. ఇవి డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందులు. రోజూ తాగేవారి మెదడు ఈ మత్తుకు అలవాటు పడుతుంది.

2015 సెప్టెంబరులో ఏం జరిగింది?

అప్పుడు కామారెడ్డి నిజామాబాదు జిల్లాలోనే ఉండేది. సర్కారు కల్తీ మీద గట్టిగా దాడులు చేసింది. కల్లులో మత్తు మందు ఒక్కసారిగా తగ్గింది. వందల మంది ఆగమయ్యారు. కొందరికి నిద్ర పట్టలేదు. చేతులు వణికాయి. కొందరికి ఫిట్స్ వచ్చాయి. కొందరు లేని మనుషులను చూసి మాట్లాడారు. నిజామాబాదు పెద్దాసుపత్రికి, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు కట్టారు.

ఎందుకిట్లయితది?

మత్తు మందు మెదడును జోకొడుతుంది. అది ఒక్కసారి ఆగితే మెదడు అదుపు తప్పి ఉరుకుతుంది. అందుకే వణుకు, భయం, ఫిట్స్. ఇది దయ్యం పని కాదు. చేతబడి కాదు.

కాని చాలా ఇండ్లల్లో ఏం చేస్తారు? "గాలి సోకింది" అంటారు. తాయెత్తు కట్టిస్తారు. మనిషిని తాడుతో కట్టేస్తారు. "దవాఖానకు తీస్కపోతే పిచ్చోడంటరు, పిల్లకు సంబంధం రాదు" అని దాస్తారు. ఈలోగా ఫిట్స్ ముదిరితే ప్రాణమే పోవచ్చు.

దవాఖానలో ఏం చేస్తారు?

ఏం తాగుతారు, ఎన్నాళ్ళ నుంచి తాగుతారు అని డాక్టరు అడుగుతారు. సిగ్గుపడకుండా నిజం చెప్పాలి. డాక్టరు మందులిచ్చి వణుకును, ఫిట్స్‌ను అదుపు చేస్తారు. ఆ మందును రోజురోజుకు కొంచెం కొంచెం తగ్గిస్తారు. ఎక్కువ మంది కొన్ని రోజుల్లోనే తేరుకుంటారు. నెమ్మదించిందని నడుమ మందు ఆపవద్దు. దుకాణంలో సొంతంగా గోలీలు కొనవద్దు. చెప్పిన రోజున మళ్ళీ చూపించుకోవాలి.

కల్తీ కల్లు మానాల్సిందే. కాని ఏండ్ల అలవాటు ఉన్నవాళ్ళు డాక్టరుకు చెప్పి మానాలి.

కల్లు తాగనివాళ్ళకూ మనసుకు జబ్బు వస్తుంది. వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, చావాలనిపించడం. ఇవి బద్ధకం కాదు, నటన కాదు. జ్వరానికి మందున్నట్టే వీటికీ మందుంది. దేశంలో 2015-16లో సర్వే చేశారు. పెద్దవాళ్ళలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక బాధ ఉందని తేలింది. వారిలో ఎక్కువ మంది వైద్యం చేయించుకోవడం లేదని కూడా తేలింది.

మన హక్కు

2017లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చింది. సర్కారు దవాఖానలో మానసిక వైద్యం పొందే హక్కు అందరికీ ఉంది. రోగిని గొలుసులతో కట్టడం నేరం. రోగి సంగతి బయటపెట్టకూడదు.

2022లో సర్కారు ఒక ఫోను నంబరు పెట్టింది. అది 14416. రాత్రయినా పగలయినా చేయవచ్చు. పైసలు పడవు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఫిట్స్ వచ్చినా, మనిషి ఒళ్ళు తెలియకుండా మాట్లాడినా ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి. చావాలని ఎవరైనా అంటే కోపపడవద్దు. ఒంటరిగా వదలవద్దు. పక్కన కూర్చుని వినాలి. దవాఖానకు తోడు పోవాలి.

సంఘంలో మాట్లాడుకోండి:
1. మన వాడలో మనసు బాధను ఎందుకు దాస్తున్నారు?
2. దవాఖానకు పోవడానికి భయపడే ఆడమనిషికి తోడు ఎవరు పోవాలి?
3. 14416 నంబరును గోడ మీద ఎక్కడ రాస్తే అందరికీ కనబడుతుంది?