కొండదారిలో సైకిలు పందెము

కాజీపేట నుండి హనుమకొండకు ఎదురుగాలిలో సైకిలు త్రొక్కినవారికి, మిత్రుని వెనుక సాగుటలోని సుఖము తెలియును. (లారీ వెనుక చేరుట మాత్రము ప్రాణాంతకము!) గాలిపోటు ముందున్నవారికే హెచ్చు. కావుననే పందెములందు చదునునేలపై గుంపును వీడ సాహసించువారు తక్కువ. కొండ యెక్కునపుడు వేగము తగ్గి, ఆ చాటువలని లాభము స్వల్పమగును. అచట నెవరి కాలిబలము వారిదే.

టోక్యో ఒలింపిక్సులో 2021 జూలై 25న జరిగిన 137 కిలోమీటర్ల స్త్రీల పందెమున, ఆస్ట్రియా తరఫున ఒంటరిగా వచ్చిన గణితశాస్త్రజ్ఞురాలు అన్నా కీసెన్‌హోఫర్ ఆరంభముననే ముందుకుఱికెను. మరి నలుగురు తోడై గాలిభారమును పంచుకొనిరి. మేటిజట్టగు నెదర్లాండ్సు ఉపేక్షింపగా, వ్యవధి 10 నిమిషములు దాటెను. ఇంకను 40 కిలోమీటర్లుండగనే, కగోసాకా కనుమ నెక్కుచు, ఆమె కడపటి తోడును విడిచెను. వెనుకవారికి వార్త చెప్పు రేడియోలు నిషిద్ధములు. ఆమె గమ్యము చేరిన 75 సెకనులకు వచ్చిన అన్నెమీక్ వాన్ ఫ్లూటెన్, తానే గెలిచితినని చేతులెత్తెను.